భార్య అను లబ్ధిదారు

అమెరికా ప్రభుత్వం వారి ఐ-130 ఫారంలో మొగుడి పేరు పిటిషనర్, పెళ్ళాం పేరు బెనిఫిషియరీ. మన తాలూకాఫీసు తెలుగులో చెప్పాలంటే ఆయన అర్జీదారు, ఆవిడ లబ్ధిదారు. లబ్ధిదారు అంటే ఎవరో మా చోడవరంలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. ఒకటో తారీకున పింఛను కోసం గుమ్మంలో కూచునే ముసలమ్మ. ఇళ్ళస్థలాల జాబితాలో తన పేరు ఉందో ఊడిందో చూసుకోడానికి సచివాలయం చుట్టూ తిరిగే మనిషి. లబ్ధిదారు మీద సర్కారుకి ఎప్పుడూ ఒక అనుమానం ఉంటుంది. ఈమె నిజంగా అర్హురాలేనా? కారు గానీ దాచిందా? కరెంటు బిల్లు ఎక్కువొస్తోందా? నిన్నగాక మొన్న పీటల మీద కూచున్న పిల్ల, ఆ ఫారం నింపిన రోజు నుంచీ ఆ వరసలోకి వెళ్ళి నిలబడుతుంది.

(అర్జీదారు ఆడమనిషీ, లబ్ధిదారు మగమనిషీ అయిన కేసులూ ఉన్నాయి. మావైపు అవి తక్కువ. అందుకని నేను ఆడపిల్లల సంగతే మాట్లాడతాను.)

నా కోపం వీసా ఇవ్వరని కాదు. కాగితాలు సరిగ్గా ఉన్న భార్యలకి ఇస్తూనే ఉన్నారు. ఆ పిల్ల వల్ల అమెరికాకి ఏం ముప్పో కనిపెట్టడానికి ఒక దేశం ఇంత యంత్రాంగం నిలబెట్టింది. ఆ పెళ్ళి వల్ల ఆ పిల్లకేం ముప్పో అడిగే బాధ్యత మాత్రం ఆ యంత్రాంగంలో ఎవరి మీదా లేదు. అక్కడ లేదు సరే, ఇక్కడుందా? పెళ్ళికొడుకు తెచ్చిన చాక్లెట్లు వీధంతా పంచిన మనం ఆ పని చేశామా? ఇంటర్వ్యూని తిడదామని కూచున్నాను గానీ తిట్లు రెండు వైపులకీ పోతాయి, ముందే చెప్తున్నాను.

*

మా ఊరంటే స్వయంభూ విఘ్నేశ్వరుడు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, చుట్టూ చెరుకు తోటలు. చెరుకు డబ్బుతోనో, అవి చాలక పొలం తాకట్టు పెట్టో కొడుకుని ఇంజినీరింగు చదివించి, ఆపైన ఎం.ఎస్.కి విమానం ఎక్కించిన ఇళ్ళు ఇప్పుడు చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. వెళ్ళిన వాళ్ళలో ఎక్కువమంది హెచ్-1 మీదే ఉంటారు, వాళ్ళ భార్యలు హెచ్-4 మీద వెళ్తారు. దాని కష్టాలు దానివి, దాని మీద కథలు కూడా చాలా వచ్చాయి. నేను చెప్పేది పౌరసత్వమో గ్రీన్‌కార్డో వచ్చినవాడు పెళ్ళాన్ని శాశ్వతంగా పిలిపించుకునే దారి గురించి. పౌరుడి భార్యకైతే సంఖ్యాపరిమితి లేదు. గ్రీన్‌కార్డువాడి భార్య ఎఫ్-2ఏ అనే క్యూలో నిలబడాలి, ఆ క్యూ ఒక్కోసారి ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఏ దారైనా మొదట జరిగేది ఒకటే. అబ్బాయి మూడు వారాల సెలవు మీద వస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు, అన్నవరంలో వ్రతం చేసుకుంటాడు, వెళ్ళిపోతాడు. అమ్మాయి ఉండిపోతుంది. చుట్టపుచూపుగా వెళ్ళొస్తానని టూరిస్టు వీసా అడిగితే, నీకు అక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉందిగా అంటారు. ఉంది, కాపురానికే గదా వెళ్ళేది! ఉద్దేశం ఉందన్నందుకు ఒక వీసా రాదు, ఆ ఉద్దేశం నిజమేనని రుజువయ్యేదాకా ఇంకో వీసా రాదు. ఈ మధ్యలో ఏడాదో, ఏడాదిన్నరో, అంతకు మించో అత్తారింట్లో ఆడపిల్లా కాక, పుట్టింట్లో పెళ్ళికానిదీ కాక గడపాలి.

ఆ కాలమంతా కాగితాల పండగ. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అయినా తొంభైల్లో అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టిన పిల్లలకి పంచాయతీ పుస్తకంలో పేరు లేకపోవడం మామూలే. అప్పుడు 'మా రికార్డుల్లో లేదు' అని ఒక సర్టిఫికెట్టు తేవాలి, దానికి తోడు పెద్దవాళ్ళ అఫిడవిట్లు. లేదు అనడానికి కూడా కాగితం కావాలన్నమాట. పోలీసు క్లియరెన్సుకి విశాఖపట్నం. పెళ్ళి సర్టిఫికెట్టు సబ్‌రిజిస్ట్రారు దగ్గర. ఇక్కడ మా ఊరికి మాత్రమే ఉన్న ఒక ముచ్చట. 2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం విశాఖపట్నం జిల్లాలో లేదు, అనకాపల్లి జిల్లాలో ఉంది. ఊరు ఎక్కడికీ కదల్లేదు, మనుషులూ కదల్లేదు. పుట్టిన సర్టిఫికెట్లో ఒక జిల్లా, పెళ్ళి సర్టిఫికెట్లో ఇంకో జిల్లా. మాకు ఇది నవ్వులాట. ఫైలుకి ఇది తేడా. ఆ తేడాని ఎప్పుడూ చోడవరం చూడని మనిషికి అర్థమయ్యేలా చెప్పడానికి మా పిన్ని కూతురు నాలుగు ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టింది. జిల్లాల విభజన మీద ఆ పిల్లకి ఉన్నంత పట్టు కలెక్టరుకి కూడా ఉండదని ఇంట్లో నవ్వుకున్నాం.

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో వచ్చింది. బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడలో కొత్త భవనంలోకి 2023లో మారింది. దాని ముందు నిలబడి ఫోటో దిగని తెలుగు విద్యార్థి ఉండడు. కానీ అక్కడ దొరికేవి చదువు వీసాలు, పని వీసాలు, చుట్టపుచూపు వీసాలు. కాపురానికి వెళ్ళే వీసా కావాలంటే ముంబై, లేకపోతే ఢిల్లీ. విశాఖలో రైలెక్కితే ముంబై చేరడానికి రోజు దాటుతుంది. డాక్టరు పరీక్ష, టీకాలు, లాడ్జి, తోడు వెళ్ళేవాళ్ళ ఖర్చు అన్నీ పిల్ల తండ్రివే. అర్జీదారు అక్కడ డాలర్లలో ఫీజులు కడతాడు, నిజమే. ఐ-130కి ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీదైతే 675, వీసా ఫీజు 325. ఈ డాలర్లు మళ్ళీ ఇక్కడి కట్నం లెక్కలో ఎలా కలుస్తాయో తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

*

ఇప్పుడు అసలు తమాషా. ఆ పెళ్ళి నిజమైన పెళ్ళేనని రుజువు చెయ్యాలి. మనకి పెళ్ళి నిజమవడానికి అగ్నిసాక్షి చాలు, లేకపోతే రిజిస్ట్రారు సంతకం చాలు. వాళ్ళకి అది చట్టబద్ధమైన పెళ్ళి మాత్రమే. నిజమైన పెళ్ళి వేరే ఉంటుంది. దానికి రుజువులు ఫోటోలు, ఫోన్ బిల్లులు, వాట్సాప్ మాటలు, కలిసి తిరిగిన టికెట్లు, ఉమ్మడి బ్యాంకు ఖాతా. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు కలిసి తిరిగి, ఒక కప్పు కింద ఉండి, ఒకే బిల్లు మీద రెండు పేర్లు వేయించుకునే సమాజంలో పుట్టిన కొలబద్ద ఇది. దాన్ని తెచ్చి, పెళ్ళికి ముందు రెండుసార్లు చూసుకుని, పెళ్ళయ్యాక పంతొమ్మిది రోజులు కలిసున్న జంట పక్కన పెడతారు.

'మీ దేశంలో పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళుంటాయని ఆఫీసర్లకి తెలుసు' అని కన్సల్టెంట్లు ధైర్యం చెప్తారు. తెలుసు, కాదనను. తెలియడం వల్లే మన పెళ్ళికి కూడా ఒక నమూనా తయారైంది. రెండు కుటుంబాలూ ఉన్న ఫోటో, పెద్ద రిసెప్షన్, కనీసం మూడు వందల మంది భోజనాలు. ఎవరూ పిలవకుండా గుళ్ళో దండలు మార్చుకున్న వేరే కులాల జంట దగ్గర ఇవేవీ ఉండవు. పెద్దల్ని ఎదిరించి చేసుకున్న పెళ్ళి కన్నా, పెద్దలు కట్నంతో సహా మాట్లాడుకుని చేసిన పెళ్ళి ఫైల్లో ఎక్కువ నిజంగా కనిపిస్తుంది. కట్నం నేరమైన దేశం నుంచి, ప్రేమని రుజువుగా అడిగే దేశానికి పోయే ఫైల్లో ఇదీ పరిస్థితి.

మా పిన్ని కూతురికి నమూనా ఇంటర్వ్యూ పెట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఏదో నగరం నుంచి కన్సల్టెంటు లాప్‌టాప్‌లో ప్రత్యక్షమయ్యాడు. పిల్ల చీర కట్టుకుని కూచుంది, కెమెరాలో కనపడని చోట పిన్ని నిలబడింది. 'మీ వారిని ఎలా కలిశారు?' అని అడిగాడు. 'పెళ్ళిచూపుల్లోనండి' అంది. అలా చెప్పకూడదట. పెద్దలు పరిచయం చేశారు, మాట్లాడుకున్నాం, ఒకరికొకరం నచ్చాం అని చెప్పాలట. పిన్ని ఉండబట్టలేక, 'పెళ్ళిసూపులంటే తప్పేటి బాబూ? మాకూ అలగే అయ్యింది కదేటి' అంది. ఆయన నవ్వి తరవాతి ప్రశ్నకి వెళ్ళాడు. ఆయనకి ఏమిష్టం తినడానికి? పిల్ల కాసేపు ఆలోచించి, పెళ్ళిచూపుల రోజు మాడుగుల హల్వా పెడితే ఒక్క ముక్క తిన్నారండి అంది. కన్సల్టెంటు సంబరపడిపోయాడు. 'అదీ! ఆ డీటెయిల్ చెప్పండి. చాలా నేచురల్‌గా ఉంది.'

తరవాత ఆమే ఒక ప్రశ్న అడిగింది. 'సార్, ఆయన ముందు పెళ్ళి గురించి నన్నడిగితే ఏం చెప్పాలి?'

ముందు పెళ్ళి ఒకటి ఉందని ఆ పిల్లకి తెలిసింది కాగితాల జాబితాలో. 'అర్జీదారు పూర్వ వివాహం రద్దయిన డిక్రీ' అని ఒక వరస ఉంది, దాని పక్కన టిక్కు పెట్టి ఉంది. బాబాయికి ముందే తెలుసు. పిల్ల బెదిరిపోతుందని చెప్పలేదు. కన్సల్టెంటుకి ఇవేం పట్టవు. 'తేదీలు మాత్రం తప్పు చెప్పకండి మేడమ్. డిక్రీ తేదీకి, మీ పెళ్ళి తేదీకి మధ్య ఎంత గ్యాపో గుర్తుపెట్టుకోండి' అన్నాడు. ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది.

ఆ అబ్బాయి మంచివాడే. వీసా కూడా వచ్చింది, కాపురం బాగానే ఉంది. వాడు మంచివాడవడం ఆమె అదృష్టం. ఆ అదృష్టంలో మా బాబాయి చేతి పనీ లేదు, కన్సల్టెంటుదీ లేదు, రెండు ప్రభుత్వాలదీ లేదు.

వాట్సాప్ మాటల గురించి ఇంకొక్క ముక్క. చాట్ ప్రింటవుట్లు పెట్టాలని తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల మొగుడికి రాసే మాటలు మారిపోయాయి. పొద్దున గుడ్ మార్నింగ్, రాత్రి మిస్ యూ, మధ్యలో ఫోటో. పోట్లాట వస్తే ఫోన్లో, ముద్దూమురిపెం వస్తే చాట్‌లో. 'తెలుగులో రాస్తే వాళ్ళకి అర్థం కాదు కదక్కా, అందుకే ఇంగ్లీషులో రాస్తున్నా' అంది నాతో. కొత్తగా పెళ్ళయిన పిల్ల మొగుడికి రాసే ఉత్తరాన్ని మూడో మనిషి చదువుతాడని తెలిసి, ఆ మూడో మనిషి కోసం రాయడం. మనం కథల గురించి, పాఠకుడి గురించి ఇక్కడ చాలా చర్చలు చేసుకుంటాం. ఇలాంటి పాఠకుడు ఏ రచయితకీ రాకూడదు.

*

ఈ అనుమానం ఇప్పుడు పుట్టింది కాదు, దీనికి వంశవృక్షం ఉంది. 1875లో అమెరికాలో పేజ్ చట్టం వచ్చింది. హాంకాంగ్‌లో ఓడెక్కే చైనా ఆడవాళ్ళు తాము వ్యభిచారానికి వెళ్ళడం లేదని అక్కడి అమెరికా కాన్సుల్ దగ్గర తేల్చుకోవాల్సి వచ్చింది. భార్యలు కూడా. వాళ్ళు చూసింది ఒక పాపాన్ని ఆపడానికే కావచ్చు, జరిగింది మాత్రం అక్కడున్న చైనా మగవాళ్ళకి కాపురం లేకుండా పోవడం. 1910 నుంచి 1940 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ద్వీపంలో చైనా నుంచి దిగినవాళ్ళని మీ ఇంటికి ఎన్ని మెట్లు, ఎన్ని కిటికీలు, పక్కింట్లో ఎవరుంటారు అని అడిగేవారు. అదే ప్రశ్న చుట్టాన్ని కూడా విడిగా అడిగి, జవాబులు పోల్చేవారు. ఓడలో వచ్చేవాళ్ళు జవాబులు బట్టీ పట్టి, ఒడ్డు కనపడగానే ఆ కాగితాలు సముద్రంలో పారేసేవారట. మన కన్సల్టెంటు ఆ కాగితం తాలూకు మునిమనవడు.

బ్రిటన్ ఇంకో అడుగు ముందుకేసింది. 1979 జనవరి 24న, పెళ్ళి చేసుకోడానికి వచ్చానంటూ హీత్రూలో దిగిన 35 ఏళ్ళ భారతీయ టీచరుకి కన్యాత్వ పరీక్ష చేయించారు. నిజంగా పెళ్ళికూతురైతే కన్యగానే ఉంటుంది కదా అన్నది తర్కం. ఆ తర్కం ఎక్కడినుంచి తెచ్చుకున్నారు? మన దగ్గరినుంచే. మన పరువు లెక్కల్ని మన ఆడపిల్ల మీదే రుజువుగా వాడారు. గార్డియన్ పత్రిక బయటపెట్టాక గొడవైంది. ఇలాంటి పరీక్షలు కనీసం 80 మందికి జరిగాయని, అందులో మన ఉపఖండంలోని బ్రిటిష్ వీసా కార్యాలయాల్లో జరిగినవీ ఉన్నాయని 2011లో పాత ఫైళ్ళు తవ్విన పరిశోధకులు తేల్చారు. పరీక్ష ఆగింది గానీ నియమాలు ఆగలేదు. ఎనభైల్లో బ్రిటన్‌లో 'ప్రధాన ఉద్దేశం' అని ఒక నియమం నడిచింది. పెళ్ళి నిజమే కావచ్చు, అయినా బ్రిటన్ రావడం ఆ పెళ్ళికి ముఖ్య ఉద్దేశం కాదని రుజువు చెయ్యాలి. లేని ఉద్దేశం లేదని ఎలా రుజువు చేస్తారు? 1997లో గానీ దాన్ని తీసెయ్యలేదు. ఇప్పుడు అదే పని జీతం చేస్తోంది. భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం ఉండాలని 2024 ఏప్రిల్ నుంచి పెట్టారు, అంతకుముందు 18,600 ఉండేది.

'మరి దొంగ పెళ్ళిళ్ళు లేవా?' అని మీరడుగుతారు. ఉన్నాయి. డబ్బు తీసుకుని కాగితం మీద పెళ్ళాడేవాళ్ళు ఉన్నారు, అందులో తెలుగువాళ్ళు లేరని నేను వాదించను. దానికి అమెరికాలో అయిదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా ఉన్నాయి. శిక్ష వెయ్యనీయండి. కానీ ఆ భయాన్ని ఎంత పెంచి ఎవరి మీద రుద్దారో చూడండి. ఇలాంటి పెళ్ళిళ్ళలో 30 శాతం దొంగవని ఎనభైల్లో అమెరికా వలస శాఖ అధిపతి కాంగ్రెస్ ముందు చెప్పారు. 1986లో పెళ్ళి మోసాల చట్టం వచ్చింది. ఆ 30 శాతం లెక్క తీసిన పద్ధతి గణాంకాల ముందు నిలవదని తర్వాత తేలింది. లెక్క పోయింది, చట్టం ఉండిపోయింది.

ఆ చట్టం ఏమంటుందంటే, పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే అడుగుపెట్టిన భార్యకి ఇచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్ళ వరకే. ఆ గడువు ముగిసేముందు మొగుడూ పెళ్ళాం కలిసి సంతకం పెట్టి, మా కాపురం నిజమేనని ఇంకోసారి చెప్పాలి. అంటే రెండేళ్ళ పాటు ఆమె కార్డు ఆయన సంతకానికి కట్టేసి ఉంటుంది. ఆయన కొడితే, తరిమేస్తే, విడాకులైతే ఒంటరిగా దరఖాస్తు పెట్టుకునే వెసులుబాటు ఉంది. 1994 తర్వాత హింసకి గురైన భార్యలు తమంతట తామే అర్జీ పెట్టుకునే దారి కూడా వచ్చింది. ఉన్నాయి, సరే. ఉన్నాయని ఆమెకి ఎవరు చెప్పారు?

*

ఆ కిటికీ దగ్గరికి రండి. కాన్సులేట్ లోపలికి తండ్రిని రానివ్వరు. మొగుడు మామూలుగా రాడు, రానక్కర్లేదు, ఆయన అమెరికాలో ఉంటాడు. పెళ్ళిచూపుల నాడు అమ్మాయి చుట్టూ పదిమంది ఉన్నారు. 'మాట్లాడుకోండమ్మా' అని గదిలోకి పంపినప్పుడు కూడా తలుపు దగ్గర వదిన ఉంది. పీటల మీద, సబ్‌రిజిస్ట్రారు దగ్గర, కన్సల్టెంటు ముందు, ఎప్పుడూ ఎవరో ఒకరు. ఆ పెళ్ళి మొత్తంలో ఆమె ఒక్కతే నిలబడి, తన నోటితో తను మాట్లాడే ఒకే ఒక్క చోటు ఆ అద్దం ముందు. అద్దానికి అవతలున్న మనిషి దగ్గర ఆమె మొగుడి టాక్స్ కాగితాలున్నాయి, విడాకుల డిక్రీ ఉంది, చిరునామాల చరిత్ర ఉంది. ఇంత చేతిలో పెట్టుకుని చట్టం ఆ అధికారికి అప్పగించిన పని, ఆమె అబద్ధమాడుతోందా లేదా చూడమని.

అమెరికావాళ్ళకి ఈ ఆలోచన రాలేదా అంటే వచ్చింది, సగం వచ్చింది. 2006లో అమల్లోకొచ్చిన ఒక చట్టం ప్రకారం, పెళ్ళి కాకుండా కాబోయే భార్యగా కె-1 వీసా మీద వెళ్ళే అమ్మాయికి, పిలిపిస్తున్నవాడి నేరచరిత్ర తమ దగ్గరుంటే కాన్సులర్ ఆఫీసరు ఆమెకి చెప్పాలి. పెళ్ళయ్యాక భార్యగా వెళ్ళే అమ్మాయికి మాత్రం ఒక కరపత్రం ఇస్తే చాలు. ఇక కట్టేశాడుగా, ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తుందిలే అనుకున్నారేమో. అచ్చం మా బాబాయి లాగే ఆలోచించారు.

మా ప్రాంతంలో పెళ్ళిళ్ళకి లెక్కలు కట్టడం కొత్త కాదు. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయినప్పుడు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక జాబితా సంగతి ఉంది. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. అవి 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పసికూనలు ముగ్గురు. ఆ జాబితాలో ఎన్ని లోపాలున్నా అది వెతికింది పిల్లకి జరిగిన అన్యాయాన్ని. నూట పాతికేళ్ళ తర్వాత అదే జిల్లాలో పెళ్ళిళ్ళ మీద ఇంకా పెద్ద జాబితాలు, ఇంకా లోతైన ఫైళ్ళు తయారవుతున్నాయి. ఫోటోలు, జీతాలు, పాత పెళ్ళిళ్ళు అన్నీ అందులో ఉన్నాయి. గురజాడ చేతికి అలాంటి ఫైలు ఒక్కటి దొరికితే ఏం చేసేవాడో ఊహించుకోండి. మనం దాన్ని ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి, విఘ్నేశ్వరుడి కాళ్ళ దగ్గర ఉంచి, కొబ్బరికాయ కొడుతున్నాం.

'వాళ్ళ దేశం, వాళ్ళిష్టం' అనేవాళ్ళకి ఒక కబురు. వాళ్ళ పౌరుడి ఇష్టం కూడా అక్కడ చెల్లదు. సాండ్రా మున్యోజ్ అనే అమెరికా పౌరురాలి భర్తది ఎల్ సాల్వడార్. అతనికి వీసా నిరాకరించారు. అతను ఒక నేర ముఠా మనిషని అనుమానం, ఒంటి మీది పచ్చబొట్లు చూసి అలా అనుకున్నారని ఆమె వాదన. కారణం సరిగ్గా చెప్పమని ఆమె కోర్టుకెళ్ళింది. విదేశీ భర్తని దేశంలోకి రానివ్వమని అడిగే రాజ్యాంగ హక్కు పౌరురాలికి లేదని 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. కాన్సులర్ ఆఫీసరు నిర్ణయాన్ని కోర్టులు సాధారణంగా ముట్టుకోవు. మరి లబ్ధిదారు? ఆమెకి అప్పీలు కూడా లేదు. అర్జీ ఆయనది. ఆమె విమానం దిగేలోపు ఎప్పుడైనా ఆయన ఒక ఉత్తరం రాసి వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు ఆమె చేతిలో మిగిలేది జిల్లాల విభజన మీద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు.

*

ఇప్పుడు మన సంగతి. ఎన్నారై పెళ్ళిళ్ళని ముప్పై రోజుల్లో నమోదు చెయ్యాలని, మోసం చేసినవాడి పాస్‌పోర్టు పట్టుకోవచ్చని 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఈ పెళ్ళిళ్ళకి సమగ్రమైన చట్టం కావాలని లా కమిషన్ 2024లో మళ్ళీ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళిళ్ళ తప్పనిసరి నమోదు చట్టం 2002లోనే వచ్చింది. మనవాళ్ళు నమోదు చేయిస్తున్నారు కూడా, వీసాకి కావాలి కాబట్టి. ఆడపిల్ల రక్షణకని తెచ్చిన చట్టం చివరికి ఫైల్లో ఒక టిక్కుకి పనికొచ్చింది.

చట్టాల కోసం ఆగక్కర్లేని పని ఒకటుంది. ఆ ఫైలు చదవడం. మా బాబాయి అబ్బాయి జీతం ఎంతో మధ్యవర్తిని అడిగి తెలుసుకున్నాడు. టాక్స్ కాగితం కూతురి ఫైల్లోనే ఉంది, ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. అందులోనే ఐ-864 అని ఇంకో కాగితం ఉంటుంది. పిలిపించేవాడు తన భార్యని అమెరికా దారిద్ర్యరేఖకి 125 శాతం స్థాయిలో పోషిస్తానని ఆ ప్రభుత్వానికి రాసిచ్చే ఒప్పందం అది. 2024 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 25,550 డాలర్లు. అమెరికా దీన్ని పెట్టుకుంది తన ఖజానా కోసమే, ఆ పిల్ల మీద ప్రేమతో కాదు. కానీ ఈ ఒప్పందం మీద భార్య స్వయంగా కోర్టుకెళ్ళచ్చు. విడాకులైనా ఇది రద్దవదు. ఆమె పౌరురాలయ్యేదాకానో, పదేళ్ళకి సరిపడా పని చేసేదాకానో, దేశం వదిలేదాకానో, ఇద్దరిలో ఒకరు పోయేదాకానో నడుస్తుంది. లబ్ధిదారు అన్న మాటకి ఆ ఫైలు మొత్తంలో న్యాయం చేసే కాగితం ఇదొక్కటే. దీన్ని చూసి నమూనా ఇంటర్వ్యూలో కన్సల్టెంటు ఏమన్నాడో తెలుసా? 'అది సార్‌కి సంబంధించింది మేడమ్, మీరు పట్టించుకోకండి' అన్నాడు.

ఇందాక చెప్పిన కరపత్రంలో ఇలాంటివే ఉంటాయి. హింస అంటే ఏమిటి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, మొగుడు సంతకం పెట్టకపోతే ఏ దారులున్నాయి. దాన్ని ఏయే భాషల్లోకి తర్జుమా చెయ్యాలో ఆ చట్టంలో పేర్లు పెట్టి రాశారు. రష్యన్ ఉంది, తగాలోగ్ ఉంది, యుక్రేనియన్ ఉంది, హిందీ ఉంది. తెలుగు పేరు లేదు. అమెరికాలో మనవాళ్ళు ఇంతమందిమి అయ్యామని సభలు పెట్టుకుంటాం, సినిమా హీరోల్ని విమానాల్లో పిలిపించుకుంటాం. ఏపీ ఎన్నార్టీ సొసైటీ అని ప్రభుత్వానికో విభాగం కూడా ఉంది. ఈ పత్రిక చదివేవాళ్ళలో అనువాదకులు డజన్లకొద్దీ ఉన్నారు, కష్టమైన కవుల్ని కూడా అవలీలగా తెలుగు చేసిపారేస్తారు. ఇది పట్టుమని పది పదిహేను పేజీల మామూలు ఇంగ్లీషు. అమెరికా ప్రభుత్వం రాసిన కాగితాలకి ఆ దేశంలో కాపీరైటు ఉండదు. అనుమతి కోసం ఎవరికీ ఉత్తరం రాయక్కర్లేదు. చోడవరం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు బయట, స్టాంపు పేపర్లు అమ్మే బల్ల మీద, నాలుగు కాపీలు పెడితే చాలు. పెళ్ళి సర్టిఫికెట్టు కోసం వాళ్ళు ఎలాగూ అక్కడికి రావాలి.